మోచేతి ఎత్తు

పోయిన నెల మా ఆయనను నడుము నొప్పికి జగిత్యాల తీసుకుపోయాను. డాక్టరు చూసి, కసరత్తులు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ పిల్లకు పాతికేళ్లు కూడా ఉండవు. మా ఆయనను నిలబెట్టి, మీరు పని చేసే బల్ల ఎంత ఎత్తుంటుందని అడిగింది. ఆయన గాలిలో చెయ్యి ఊపి ఇంత అని చూపించాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆయన కుడి చేతిని మడిపించి, మోచేయి కింద తన అరచేతిని ఆనించి, ఇదీ మీ ఎత్తు, బల్ల దీనికన్నా మరీ కిందికుంటే నడుము పోతుంది, మరీ మీదికుంటే భుజం పోతుంది అని చెప్పింది. నాకు పక్కున నవ్వొచ్చింది. మంచాల మీద బోర్లా పడుకున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. నేనెందుకు నవ్వానో ఆయనకు తెలుసు.

మోచేయి కింద అట్లా అరచెయ్యి ఆనించడం అంతకుముందు ఒక్క మనిషి దగ్గరే చూశాను. ఆయన ఏ ఆస్పత్రిలోనూ పని చేయలేదు, ఏ చదువూ చదవలేదు. నా ఫోన్‌లో ఆయన పేరు 'సిరిసిల్ల తాత'. అసలు పేరు నాకు తెలియదు. ఆరేళ్లు మా ఇంటికి వచ్చిపోయిన మనిషి పేరు తెలియదంటే ఎవరూ నమ్మరు గానీ, తాతా అంటే పలికేవాడు, ఇంకేం కావాలి. రెండేళ్ల కింద ఆయన మా ఇంట్లోంచి చాయ కూడా ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. తప్పు నాదే. ఆ తప్పును తర్వాత నేనే దిద్దుకున్నాను గానీ, దిద్దుకున్నానని ఆయనకు చెప్పలేదు. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను.

ఆ రోజు జగిత్యాల బస్టాండులో కూర్చుని ఫోన్ చేశాను. ఒక ముసలామె ఎత్తింది. తాత లేడా అని అడిగితే, "ఆయన పోయి నాలుగు నెలలాయె బిడ్డా, నువ్వెవలు?" అంది. కోరుట్ల నుంచి అని మాత్రం అని పెట్టేశాను. మా ఆయన కొనుక్కొచ్చిన సోడా తాగమని చేతికిచ్చాడు. తాగలేకపోయాను.

మాది కోరుట్ల ఊరి అంచు. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో లేత్ మిషిను ఉంది. కర్రను అది గిరగిరా తిప్పుతుంటే మనం ఉలి ఆనించి చెక్కాలి. మంచం కోళ్లు, ఊయల కోళ్లు, పప్పు గుత్తులు, చపాతి కర్రలు, గుండ్రంగా ఉండేది ఏదైనా దాని మీదే తయారవుతుంది. మా అత్తగారి వైపు తరతరాలుగా అందరూ ఒకరి పొలాల్లో కూలికి పోయినవాళ్లే. ఆ ఇంట్లో చేతిపని నేర్చిన మొదటి మనిషి మా ఆయన. ఒక ఫర్నిచర్ దుకాణంలో నేర్చుకుని, పాత మిషిను కొని తెచ్చి, తనే సిమెంటు కలిపి దిమ్మె కట్టి, దాని మీద బోల్టులతో బిగించాడు. పాస్టరు గారు వచ్చి దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మా అత్తమ్మ ఆ రోజంతా ఏడ్చింది. నాట్లకూ కోతలకూ వంగిన మనుషుల ఇంట్లోకి నిలబడి చేసే పని వచ్చిందని ఆమె సంతోషం.

మా ఆయన ఆరడుగులకు కాస్త తక్కువ. నేను ఐదడుగులకు కాస్త తక్కువ. మా పెళ్లిలో ఫోటోలు తీసినాయన నన్ను పీట మీద నిలబెట్టి తీశాడు. ఆ ఫోటోల్లో మేము ఈడూ జోడూగానే ఉంటాం.

మిషిను పెట్టిన ఏడాదిన్నరకు ఆయన ఖతర్ వెళ్లాడు. అది ఊరికే దుమ్ము పట్టడం చూడలేక నేను చపాతి కర్రలతో మొదలుపెట్టాను. ఉలి పట్టడం ఆయన దగ్గర చూసి చూసి వచ్చేసింది. ఎత్తే కుదరలేదు. దిమ్మె ఆయన లెక్కకు కట్టింది కదా, తిరిగే కర్ర నా ఛాతీ దాకా వచ్చేది. రెండు చేతులూ ఎత్తి పట్టుకోవాలి, పొట్టు వచ్చి సూటిగా కళ్లలో పడేది. కాళ్ల కింద పీట వేసుకున్నాను. పెళ్లిఫోటోల ఆయన తెలివే. అట్లా నాలుగేళ్లు లాగాను. మొదట మెడ పట్టేసింది, తర్వాత భుజం, ఆ తర్వాత కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. అన్నం తింటుంటే ముద్ద నోటి దాకా రాకుండానే జారిపోయేది. ఒక మధ్యాహ్నం పీట మీద ఉన్న సంగతి మరిచి వెనక్కి అడుగేశాను. నేనొక దిక్కు పడ్డాను, ఉలి ఒక దిక్కు, తిరుగుతున్న కోడు ఊడి పైన రేకుకు తగిలింది. ఆ చెయ్యి పోతే ఇల్లు ఏమవుతుందోనని ఆ రోజు మొదటిసారి భయపడ్డాను. మా ఆయనకు ఫోన్‌లో చెబితే, జర పెద్ద పీట ఏసుకో, నేనచ్చినంక చూద్దాం అన్నాడు.

సిరిసిల్ల తాత ఆ వారంలోనే వచ్చాడు. ఉలులకు పదును పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఊళ్లో వడ్రంగం చేసే ఒక వడ్లాయనను అడిగితే ఆయన పంపాడు. పొట్టి మనిషి, డెబ్బైకి దగ్గర. గుండీలు పెట్టని గళ్ల చొక్కా, లోపల బనీను, భుజానికి ఎరువుల బస్తాతో కుట్టిన సంచి. బండి నడపడం రాదు, నేర్చుకోలేదు. సిరిసిల్లలో బస్సెక్కి వేములవాడలో దిగి చాయ తాగి, చందుర్తి మీదుగా కోరుట్ల వచ్చేవాడు. ఇక్కడి నుంచి జగిత్యాల, అటు నుంచి మల్యాల, మళ్లీ ఇల్లు. ఆ దారిలో ఏ ఇంట్లో, ఏ దుకాణంలో లేత్ ఉందో అన్నీ ఆయనకు తెలుసు. ఉలులు నూరడం, బెల్టులు మార్చడం, బేరింగులు వేయడం ఆయన పని. కానీ వచ్చాక ముందు చూసేది మిషినును కాదు.

పని చెయ్యి బిడ్డా, చూస్త అని, నా వెనకాల ఒక బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. ముక్కూ మొహం తెలియని మగమనిషి వీపు వెనక కూర్చోవడమేమిటి? ఇటు ముందుకొచ్చి చూడమన్నాను.

"ముందట కూసుంటె పని కనవడ్తది. ఎనుక కూసుంటెనే మనిషి కనవడ్తది" అన్నాడు.

ఇంకేం చేస్తాను, ఒక చపాతి కర్ర మొదలుపెట్టి పూర్తి చేశాను. అది అయ్యాక ఆయన, నా కుడి భుజం చెవి దాకా పోతున్నదని చెప్పి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగాడు. నేను ఆ మాట అప్పటికి ఎవరికీ సరిగ్గా చెప్పి ఉండలేదు.

మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఆయన ఆమె వైపు తిరిగి, చెల్లె, ఇంత చాయ పొయ్యవా అని అడిగాడు. ఆమె తటపటాయించింది. మాది చర్చికి పోయే ఇల్లు, మాది ఊరవతలి వాడ. పని మీద మా వైపు వచ్చే వడ్లవాళ్లు పని కాగానే హోటలుకు పోయి తాగేవాళ్లు తప్ప మా గ్లాసు ముట్టేవాళ్లు కాదు. ఈయన అడిగి తాగాడు, తాగి రెండోసారి అడిగాడు. మా అత్తమ్మకు అప్పటికప్పుడే తెగ నచ్చాడు. అర్ధగంట తర్వాత అంతే తొందరగా నచ్చకుండా పోయాడు, ఎందుకంటే దిమ్మె పగలగొట్టి మిషినును ఆరించులు కిందికి దించాలన్నాడు. ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది. నా కొడుకు చేత్తో కట్టింది, పాస్టరయ్య ప్రార్థన చేసిన జాగ, దానికి పలుగు పెడితే నేనూరుకోను అంది. తాత ఆమెతో వాదించలేదు. ఉలులు నూరి ఇచ్చి వెళ్లిపోయాడు.

నేను నోరెత్తలేదు. అత్తమ్మది ఒట్టి మొండితనం కాదని నాకు తెలుసు. ఆయన వెళ్లి నాలుగేళ్లు దాటింది, వచ్చే పండక్కి వస్తానన్న ప్రతిసారీ కంపెనీ సెలవు ఇవ్వకపోయేది. ఆ దిమ్మె ఆ ఎత్తులో ఉన్నంతకాలం అది ఆయన మిషినే, ఆయన వచ్చి నిలబడవలసిన చోటే. దాన్ని దించితే ఇక రాడని మేమే ఒప్పుకున్నట్టుగా ఉండేది. ఆమెకేం, నాకూ అట్లాగే ఉండేది.

పది రోజులకు తాత మళ్లీ వచ్చాడు. ఈసారి పిలవకుండానే. మా అత్తమ్మ నీళ్లకు పోయిన సమయం చూసి, నన్ను పని ఆపమన్నాడు. తన కుడి చెయ్యి పైకి ఎత్తబోయాడు. అది భుజం దాకా వచ్చి ఆగింది. ఇంకా ఎత్తబోతే మొహం బిగుసుకుంది. ఎడమ చేత్తో తల దువ్వుకోవడం, ఎడమ చేత్తో పై జేబులోంచి కళ్లద్దాలు తీసుకోవడం చూసి ఆయనది ఎడమ వాటం అనుకున్నాను అప్పటిదాకా.

సిరిసిల్లలో ఆయనా, అన్నా కలిసి మగ్గాలకు కావలసిన కర్రసామాను చెక్కేవాళ్లట. ఇద్దరికీ ఒకటే మిషిను. అన్న పొడుగు. కొన్నేళ్లకు అన్న జబ్బు చేసి పోయాడు. మిషిను మాత్రం అన్న ఎత్తులోనే ఉండిపోయింది. ఇంట్లో వదిన తిరుగుతుంటే, ఆమె కళ్ల ముందు దాన్ని దించడం ఈయనకు ఎట్లాగో అనిపించింది.

"ముప్పై ఏండ్లు మా అన్న ఎత్తుల పని చేసిన బిడ్డా. ఎవ్వలూ వద్దనలే. నేనే అడుగలే" అన్నాడు.

ఆయన ఆ మాట మీద ఎక్కువసేపు నిలబడలేదు, అత్తమ్మ వస్తున్న చప్పుడు విని చొక్కా సర్దుకున్నాడు. ఆమె బిందె దించేదాకా ఆగి, చెల్లె, దిమ్మెను నేను ముట్ట, మరి నేలను ముట్టొచ్చా అని అడిగాడు. ఆమెకు అర్థం కాలేదు. మిషినును దించడానికి నువ్వు ఒప్పుకోవడం లేదు కాబట్టి షెడ్డు నేలనంతా ఆరించులు లేపుదాం అన్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. ఆ నేల మీద ఎవరూ ప్రార్థన చేసి ఉండలేదు. వద్దనడానికి కారణం దొరకలేదు పాపం.

కొలత తీయడానికి నన్ను సాయంత్రం దాకా ఆగమన్నాడు. ఆ రోజు పని అంతా అయిపోయాక, ఒళ్లు అలిసి వేలాడుతున్నప్పుడు తీశాడు. పొద్దున ఎవరైనా నిటారుగానే నిలబడతారట, ఆ ఎత్తు నమ్మడానికి లేదట. నన్ను రోజూ నిలబడేట్టే వట్టి కాళ్లతో నిలబెట్టి, చెయ్యి మడవమని, మోచేయి కింద అరచెయ్యి ఆనించి, అక్కడి నుంచి నేల దాకా నూలు దారం వదిలి ముడి వేశాడు. టేపు వాడేవాడు కాదు. సిరిసిల్ల మనిషి కదా, సంచిలో నూలుండలు ఎప్పుడూ ఉండేవి. పని అయ్యాక ఆ దారాన్ని మా పొయ్యిలో పడేసేవాడు. దాచుకోరాదా, మళ్లీ మళ్లీ కొలిచే బాధ తప్పుతుంది కదా అంటే, మనిషి మారుతడు, దారం మారదు, దాసుకుంటె మోసపోతవు అనేవాడు. తర్వాత వచ్చిన ప్రతిసారీ నన్ను మళ్లీ కొలిచాడు. ఒకసారి మడమలు పగిలాయని నేను చెప్పులు వేసుకుని పని చేస్తుంటే, వేలెడు మందం చెప్పు వేసుకుని వేలెడు పొడుగైన సంగతి చెప్పవా అని కోప్పడ్డాడు. దాక్కున్న దొంగను పట్టుకున్నంత సంబరం ఆ కోపంలో.

ట్రాక్టరు మొరం మట్టి తెచ్చి పోయించాం. తడిపి, దిమ్మిసతో గుద్ది, మళ్లీ తడిపి, మళ్లీ గుద్ది. దిమ్మిస నేనెత్తుతానంటే తాత ఒప్పుకోలేదు, ఆ భుజంతోనా అన్నాడు. మా అత్తమ్మ అందుకుంది. అరవై ఏళ్ల మనిషి, రోడ్లు వేసిన చేతులవి, సగం షెడ్డు ఆమే గట్టిపరిచింది. షెడ్డు గోడ నుంచి గోడ దాకా ఒకే మట్టం రావాలని, ఎక్కడా అంచు ఉండొద్దని తాత పట్టుబట్టాడు. పీట మీది మనిషికి సగం ధ్యాస పీట అంచు మీదే ఉంటుంది, మిగిలిన సగంతో ఏం చెక్కుతారన్నాడు.

నేల ఆరాక మొదటి కర్ర బిగించి నిలబడ్డాను. మోచేతులు నా పక్కటెముకలను ఆనుకుని ఉన్నాయి. పొట్టు కళ్లలో కాకుండా కడుపు మీద పడుతోంది. ఉలి ఎటు తిప్పితే అటు వెళ్తోంది. నాలుగేళ్లుగా నేను చేస్తున్నదంతా ఒకరి చోటులో దొంగతనంగా దూరి చేస్తున్న పని అని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఎలా ఉందో తాతను అడుగుదామని వెనక్కి తిరిగితే, బకెట్ మీద కూర్చుని గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. లేపితే, మనిషి సక్కగ నిలవడితె నాకు నిద్రొస్తది, నేనేం జెయ్యాలె అన్నాడు.

అప్పటి నుంచి రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. ఆయనతో బజారుకు పోవడం పెద్ద తలనొప్పి. కనిపించిన ప్రతి దుకాణం గల్లా మీదా మోచేయి ఆనించి చూసేవాడు. కోరుట్ల బస్టాండు దగ్గర చాయ హోటలాయనతో నీ పొయ్యి ఎత్తు ఎక్కువైంది, పెద్ద గిన్నె ఎత్తినప్పుడల్లా మెడ పట్టేస్తోందా లేదా అని అడిగితే, ఆయన చాయ పొయ్యడం ఆపి పది నిమిషాలు తన మెడ కథ చెప్పాడు. వెనక జనం తిట్టుకున్నారు. వేములవాడలో ఒక లాడ్జిలో రాసుకునే బల్ల పొట్టిదని చెప్పి, ఆ లాడ్జివాడితో రెండిటుకలు పెట్టించి వచ్చాడట. మా వంటింట్లో మా ఆయనే కట్టిన పొయ్యి గట్టు చూసి ఆయన పొడుగును మళ్లీ ఒకసారి తలుచుకున్నాడు. ఒక ఆదివారం మేము చర్చికి పోతుంటే వెంట వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారి దగ్గరికి పోయి, అయ్యా, నువ్వు పుస్తకం పెట్టుకునే బల్ల పొట్టిగున్నది, మెడ వంచి సదువుతున్నవు, అందుకే నీ గొంతు ఎనుక వరసకు వస్తలేదు అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాతి ఆదివారం ఆ బల్ల కింద చెక్క పెట్టి ఉంది. నిజం చెప్పాలంటే గొంతు కూడా బాగానే వినిపించింది.

ఎవరినీ నీకు నొప్పి ఉందా అని ఊరికే అడిగేవాడు కాదు. ఫలానా చోట నొప్పి ఉంటుందే అనేవాడు. మనుషులు తమకు సరిపోని చోట ఇరుక్కుని ఎట్లా ఎన్నేళ్లయినా సర్దుకుపోతారో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదనుకుంటాను. దాని మీద ఆయనకు జాలి లేదు, కోపం ఉండేది. నవ్వుతూనే ఉండేవాడు గానీ లోపల కోపమే.

మా ఆయన మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చాడు. షెడ్డులో అడుగు పెట్టగానే రేకు కింది పైపు నుదుటికి తగిలింది. నువ్వు పెరిగినవా, షెడ్డు కుంగిందా అని అత్తమ్మ నవ్వింది. సంగతి చెబితే ఆయనా నవ్వాడు. నెలన్నరలో మళ్లీ పోయే మనిషి, నవ్వక ఏం చేస్తాడు? ఆ రోజుల్లో నేను మిషిను ఆపేసి వంటల్లో, చుట్టాల్లో ఉండేదాన్ని.

రెండేళ్ల కింద పూర్తిగా వచ్చేశాడు. అక్కడ పని మూతబడింది. పదేళ్లు ఎండలో సెంట్రింగు పలకలు మోసిన నడుము. వచ్చిన నాలుగో రోజు లేత్ ముందు నిలబడి ఉలి పట్టుకున్నాడు. వంగాల్సి వచ్చింది. ఇంకాస్త వంగాడు. తర్వాత మిషిను ఆపేసి బయటకు వచ్చి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు ఆ మనిషికి తనది అనుకోవడానికి ఉన్నది అదొక్కటే, తిరిగి వచ్చేసరికి అది కూడా ఆయన ఒంటికి సరిపోలేదు. మరునాడు, తాతను పిలువు, నేల తవ్వించి ఎప్పటిలెక్క చేద్దాం అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని.

తాత వచ్చాడు. అల్లుడా, అల్లుడా అంటూ ఖతర్ కబుర్లు అడిగాడు. తర్వాత మా ఆయనతో ఒక కోడు చెక్కించి, వెనక కూర్చుని చూశాడు. పదేళ్లు ఉలి పట్టని చెయ్యి, కోడు మధ్యలో లోతుగా తెగిపోయింది. మా ఆయన పక్కకు తప్పుకుంటే నేను పోయి మిషిను మీది పొట్టు తుడుస్తున్నాను. అప్పుడు నన్ను అడిగాడు.

"దీని మీద పని ఎవలు జేస్తున్నరు బిడ్డా?"

నేనే తాతా అన్నాను.

"మరి ఎవల ఎత్తుకు పెట్టాలె?"

మా అత్తమ్మ గుమ్మంలో ఉంది. మా ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఇప్పటికీ అది ఒట్టేసి చెబుతాను.

"ఆయన ఎత్తుకే పెట్టు తాతా" అన్నాను.

ఆ మాట నా నోట్లో ఎన్నేళ్ల నుంచి సిద్ధంగా ఉందో, అడగ్గానే బయటకు వచ్చేసింది. తాత తల వంచుకుని కూర్చున్నాడు. ఎంతసేపని, అత్తమ్మ లోపలికి పోయి చాయ పోసుకుని వచ్చేంతసేపు. అప్పుడు లేచి, ఇది నాతోటి గాదు, వేరేటోన్ని పిలుచుకోన్రి అని సంచి భుజాన వేసుకున్నాడు. అత్తమ్మ గ్లాసు పట్టుకుని రోడ్డు దాకా వెంట పోయింది. ఆయన ఆగలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన గడ్డపార తీసుకుని షెడ్డులోకి వచ్చాడు. అప్పటికే నేను మిషిను ముందు నిలబడి పని చేస్తున్నాను. పదహారు మంచం కోళ్లు ఇవ్వాల్సి ఉంది. జర జరుగు అన్నాడు. ఇది కానియ్యి అన్నాను. అది అయింది, ఆగకుండా ఇంకోటి బిగించాను. అదీ అయింది. మూడోది బిగించేటప్పుడు ఆయన ఏదైనా అంటాడనుకున్నాను. అనలేదు. కొంతసేపటికి గడ్డపార గోడకు ఆనించిన చప్పుడు వినపడింది. నేను వెనక్కి తిరగలేదు. మధ్యాహ్నం దాకా ఎనిమిది కోళ్లు తీశాను. ఎనిమిదోది దించి చూస్తే, మా ఆయన నా వెనకాల బకెట్ బోర్లించుకుని కూర్చుని ఉన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను పని చేయడం ఆయన కళ్లారా చూడటం అదే మొదలు. తర్వాత లేచి, ఒక కోడు చేతిలోకి తీసుకుని వేళ్లతో నిమిరి, నాకు గిట్ల ఎన్నడూ రాలే అన్నాడు. గడ్డపార పెరట్లోకి తీసుకుపోయి పెట్టాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నుంచి నేను తీసిన కోళ్లకు తను పట్టెలు బిగించి మంచాలు చేయడం మొదలుపెట్టాడు. దానికోసం పాత చెక్కలతో ఒక బల్ల చేసుకున్నాడు. అది ఏ ఎత్తున చేశాడో ఆయనకే తెలియదు. ఆ బల్ల దగ్గర పట్టేసిన నడుమే పోయిన నెల జగిత్యాల దాకా తీసుకుపోయింది.

తవ్వలేదు తాతా. ఈ రెండు మాటలు ఫోన్‌లో చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అవి చెప్పాలంటే ఆ ముందు రోజు నేనన్న మాట మళ్లీ ఇద్దరి మధ్యకు వస్తుంది. ముప్పై ఏళ్లు అడగకుండా ఉండిపోయానని తనను తాను తిట్టుకున్న మనిషి ముందు నిలబడి నేను కూడా అదే పని చేశాను. ఎట్లాగూ ఉలులు నూరడానికి వస్తాడు, వచ్చినప్పుడు నేల ఆయనే చూస్తాడు అనుకున్నాను. రాలేదు. కోపం తగ్గలేదేమో అనుకున్నాను. పదును వేరేవాళ్లతో పెట్టించుకుంటూ రోజులు గడిపాను. ఆయన మంచాన పడి బస్సెక్కలేకపోతున్నాడన్న ఊహే నాకు రాలేదు.

జగిత్యాల నుంచి వచ్చిన మూడో రోజు నేనొక్కదాన్నే సిరిసిల్ల పోయాను. ఉలులు నూరే తాత ఇల్లేదని అడుగుతూ పోతే దొరికిన ఆ వీధిలో అన్ని ఇళ్లల్లోంచీ మరమగ్గాల చప్పుడు. ఫోన్ ఎత్తిన ముసలామే, తాత భార్య, తలుపు తీసింది. గోడకు ఆయన ఫోటో, దండ. నేను కోరుట్ల నుంచి అనగానే, నేల లేపుకున్న పిల్లవు నువ్వేనా అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ చేతిని వదలకుండా అన్నీ చెప్పేశాను. ఆయన అడిగింది, నేనన్నది, చాయ ముట్టకుండా వెళ్లింది, మర్నాడు మేము తవ్వలేదన్నది, రెండేళ్లు నాకు ఫోన్ చేసే మొహం లేకపోయింది. ఆయన నా మీద కోపంతోనే పోయాడు అవ్వా, నేను కూడా ఆయనలాగే అయ్యానని అనుకుంటూనే పోయాడు అని ఏడ్చాను.

ఆమె నన్ను కాస్త వింతగా చూసింది.

"కోపమెక్కడిది బిడ్డా? గా రోజు ఇంటికచ్చి రెండుసార్ల అన్నం పెట్టించుకున్నడు" అంది.

ఏమన్నాడు అవ్వా అని అడిగాను.

"నోటితోటి తవ్వుమన్నది గని, నేనడిగినప్పటి సంది ఆ పిల్ల కాలు మిషిను కాడికెల్లి జరుపలే. ఆ పిల్ల తవ్వనియ్యదు అన్నడు."

బయట మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. నేను కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కున్నాను.

తవ్వనియ్యలేదవ్వా అన్నాను. ఆ రోజు నా కాళ్లు ఎక్కడున్నాయో నాకు ఇప్పటికీ గుర్తు లేదు.